సొప్పలమ్మను జరిపిన రాత్రి

పెద్దవాన పడి క్యాసంబళ్ళి చెరువు కోడి పోయిన యేడు మా వైపు అందరికీ గురుతు. ఎన్నో యేండ్లు ఎండి ఉన్న చెరువు నిండి, పొర్లి, రోడ్డు మునిగింది. జనం చీరలు అడ్డం పట్టి చేపలు పట్టారు. ఇది జరిగింది ఆ పెద్దవానకు రెండేండ్ల తరువాత, రాగి కోసి కుప్పలు వేసుకున్న దినాల్లో.

మా ఊరు క్యాసంబళ్ళి దాటి గుట్ట కింద ఉంది. వయసులో ఉన్నప్పుడు నేను ఎడ్లబండి తోలాను. అప్పుడు గుట్ట మీద అడవి కొట్టేవాళ్ళు. ఆ మానులను బండ్లకు ఎత్తుకుని బంగారు గనులకు తోలేవాళ్ళం. గని లోపల పైకప్పు కూలకుండా వాటిని నిలబెట్టేవారు. కొట్టీ కొట్టీ గుట్ట బోడి అయింది. తరువాత ఫారెస్టోళ్ళు నీలగిరి నాటారు. గనులు మూశారు, బండ్లు పోయాయి. మేము తోలిన దోవ మాత్రం గుట్ట మీద అట్లే ఉంది. దాన్ని ఇప్పటికీ టింబర్ దోవ అనే అంటారు.

నా కొడుకు మునిశంకర్ కూతురు శశికళ. మాలూరు వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. తెల్లారకముందే రోడ్డు మీదికి వ్యాను వస్తుంది. రోజూ టార్చి పట్టుకుని నేనే ఆ పిల్లను వ్యాను దాకా వదిలి వచ్చేవాణ్ణి. దోవలో ఇద్దరం ఏమీ మాట్లాడం. పిల్ల సగం నిద్రలో నడుస్తుంది, నేను కుక్కలను చూసుకుంటాను. మళ్ళీ ఇల్లు చేరేది చీకటి పడినాకనే. ఆదివారం తప్ప ఎండ మొహం ఎరగదు.

ఆ ఫ్యాక్టరీలోనే ఎవరో ఈ ఆట సంగతి చెప్పారంట. ఒకరు యాడో ఒక డబ్బీ దాచిపెడతారు. అది ఏ చోట ఉందో ఫోనులో గురుతు పెడతారు. ఇంకొకరు ఆ గురుతు పట్టుకుని వచ్చి, వెదికి, డబ్బీలోని కాగితం మీద పేరు రాసి, మళ్ళీ అక్కడే పెట్టి పోతారు. పెద్దవాళ్ళు కూడా ఆడతారంట. కొందరు రాత్రిపూట టార్చీలు వేసుకుని ఆడతారంట.

"దొరికిన డబ్బీ ఇంటికి తెచ్చుకోరా?" అని అడిగింది నా భార్య చిన్నవెంకటమ్మ.

"లే అవ్వా. యాడిది ఆడనే పెట్టాల."

"మల్ల యాలనే వెదికేది?"

"దొరికిందని చెప్పుకోనీకి."

చిన్నవెంకటమ్మ నా వైపు చూసింది. నేను బీడీ వెలిగించుకున్నాను.

బెంగళూరులో పురుషోత్తమ్ అని ఒకాయన ఇట్లాంటి రాత్రి నడకలు పెట్టి జనాన్ని తిప్పుతాడు. వాళ్ళ పెద్దలది ములబాగిలు పక్క ఊరేనంట. శశి ఆయనకు ఫోను చేసి టింబర్ దోవ గురించి చెప్పింది. ఆయన ఒక ఆదివారం వచ్చి చూసి, ఒక మాట చెప్పి పోయాడు. మొదటి నడక బాగా సాగి, డబ్బీలన్నీ దొరికితే, కోలారు వైపు గుట్టలన్నీ శశి చేతికే ఇస్తాడు. నెల జీతం. ఫ్యాక్టరీ మానుకోవచ్చు. ఒక్క డబ్బీ దొరక్కపోయినా ఆ దోవను వాళ్ళ ఆటలో చేర్చుకోరంట.

"ఫ్యాక్టరీ అయితే నిక్కంగా ఉండే పని. ఇదేమో డబ్బీల పని," అన్నాడు మునిశంకర్. "ఫస్టు అది సాగనీ. సాగితే మానుకో. నేనేం వద్దనను."

శశి సరే అంది. ఇంక ఆ పిల్లకు ఒకటే ధ్యాస. ఫ్యాక్టరీలో రోడ్డుపని వాళ్ళు వేసుకునే కోట్లు కుడతారు. వాటి మీద వెలుతురు పడితే మెరిసే పట్టీలు ఉంటాయి. పారేసే ముక్కలు అడిగి తెచ్చుకుంది. చెట్లకు మేకు కొడితే ఫారెస్టోళ్ళు ఒప్పుకోరని, ఆ ముక్కలను దారంతో కొమ్మలకు కట్టింది. ఆదివారం పొద్దున పోయి డబ్బీలు దాచి వచ్చింది. యాడ దాచిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆట కాదంట. చివరి డబ్బీలో పెట్టనీకి ఏమైనా పాత బండి సామాను ఇవ్వమని నన్ను అడిగింది. నా ఎద్దు కెంపోడి మెడలో కట్టిన గంట అటక మీద ఉంటే తీసి ఇచ్చాను. దొరికినవాళ్ళు ఆ గంట మోగించాలంట, అప్పుడు ఆట అయినట్టు. ఆ మరుసటి ఆదివారం ఫ్యాక్టరీలో ఓవర్‌టైము. పిల్ల మళ్ళీ గుట్ట ఎక్కనే లేదు.

ఆ పై ఆదివారం నడక. పొద్దు గూకే వేళకు టెంపో వచ్చింది. ఏడెనిమిది మంది దిగారు. అందరి నుదుట దీపాలు, కాళ్ళకు లావు బూట్లు. వాళ్ళలో సౌభాగ్య అని బ్యాంకులో పని చేసే ఒకామె ఉంది. టెంపో నుంచి కాలు కింద పెట్టకముందే మాట మొదలుపెట్టింది. అనపకాయల కాలం కదా, చిన్నవెంకటమ్మ రాగి ముద్ద, పితికిన పప్పు సారు చేసింది. సౌభాగ్య ముద్ద మింగుతూ కూడా మాట్లాడింది. ఎట్ల సాధ్యమో నాకు తెలియలేదు.

ఫారెస్టు వాచరు శ్రీనివాసప్ప కూడా వచ్చాడు. ఆయన లేనిది గుట్ట ఎక్కకూడదు.

"తొమ్మిదికి అందరూ గుట్ట గేటు బయట ఉండాల," అన్నాడు. "ఏనుగులు దిగే కాలం ఇది. తొమ్మిదయినంక నేను ఎవురి మొహమూ చూడను."

చిన్నవెంకటమ్మ కొంగు బిగించి ముందర నిలబడింది.

"నువ్వెందుకు అవ్వా?" అంది శశి.

"ఊరూ పేరూ తెలియనోళ్ళతో ఆడపిల్లను రాత్రి గుట్టకు పంపేది యాడన్నా ఉండాదా? మీ తాత వస్తాడంటే మాత్రం ఏమి, ఏనుగు వచ్చినా చెప్పడు."

చీకటి పడింది. టార్చి వేస్తే కొమ్మల్లో ఆ పట్టీ ముక్కలు చిరుత కండ్ల మాదిరి మెరిశాయి. ఒకటి దాటితే దూరంగా ఇంకొకటి. బండ్ల కాలంలో ఇరుసు కింద లాంతరు కట్టుకుని ఇదే దోవన దిగేవాళ్ళం. ముందర బండి లాంతరు ఊగుతుంటే చూసుకుంటూ వెనక బండి పోయేది. అది గురుతుకు వచ్చింది.

దోవ చీలే చోట శశి ఫోను చూసి కుడికి అంది. నేను ఎడమకు చెయ్యి చూపించాను. ఇరవై యేండ్లు తోలిన దోవ నాకు తెలియదా. పెద్దాయన చెప్పాడు కదా అని అందరూ ఎడమకే వచ్చారు. పోగా పోగా ఎవరిదో మామిడి తోట కంచె అడ్డం వచ్చింది. ఫోను చెప్పిందే సరి.

"ఇన్నేండ్లు ఎద్దులే దోవ చూసుకున్నట్టుండాయి. ఈయప్ప బండి మీద నిద్రపోయినాడు," అంది చిన్నవెంకటమ్మ.

అందరూ నవ్వారు. వెనక్కి తిరిగాము.

కొట్టేసిన మాను మొద్దు ఒకటి తొర్ర పడి ఉంటే అందులో మొదటి డబ్బీ దొరికింది. బండ మీద బండి చక్రాలు ఒరిసి ఒరిసి రెండు గాడులు పడి ఉన్నాయి. ఆ గాడి పక్కన, రాయి సందులో ఇంకొకటి దొరికింది. దొరికిన ప్రతిసారీ చప్పట్లు కొట్టి, పేర్లు రాసి, మళ్ళీ పెట్టారు. ఇట్లాంటి మనుషులు ఉంటారని అంతకు ముందు నేను అనుకోలేదు. చూస్తే బాగానే ఉంది.

"తాతా, ఇంత పెద్ద పెద్ద మొద్దులు ఉండాయే, ఆ చెట్లన్నీ యాడికి పోయినాయి?" అని సౌభాగ్య అడిగింది.

"కిందికి," అన్నాను.

ఎగతాళి అనుకుని నవ్వింది. నేను నిజమే చెప్పాను. మా గుట్ట అడవి అంతా ఇప్పుడు గనిలో, నేల కింద నిలబడి ఉంది.

ఇంక చివరి డబ్బీ. పురుషోత్తమ్ ఫోను చూసుకుంటూ ముందు పోయాడు. నాకు తెలిసిన చోటుకే పోతున్నాడని అర్థమైంది. అది సొప్పలమ్మ దగ్గర.

సొప్పు అంటే ఆకు. దోవ పక్కన ఒక చిన్న రాయి ఉంది, అదే సొప్పలమ్మ. ఎక్కే ప్రతి బండివాడు పక్కన ఏ చెట్టు ఉంటే దాని రెమ్మ ఒకటి తుంచి ఆమె మీద వేసి పోవాలి. వేస్తే ఇరుసు విరగదు, ఎద్దు కాలు జారదు. ఒకసారి వేసిన రెమ్మను ఎవరూ తీయరు. ఆమె దగ్గర వేసేది మాత్రమే ఉంది, తీసేది లేదు. బండ్లు నిలిచిపోయినాక వేసేవాళ్ళు లేక, రాయి బయటపడి ఎండకు ఎండుతూ ఉండేది.

శశి టార్చి ఆమె మీద పడింది. పిల్ల నిలబడిపోయింది.

రాయి లేదు. అక్కడ శశి తల మించి ఎత్తుగా రెమ్మల కుప్ప ఉంది. కానుగ, వేప, నీలగిరి, మామిడి, తంగేడు. కొన్ని వాడినవి, కొన్ని అదే దినం వేసినవి. పసుపు, కుంకుమ, గాజులు కూడా ఉన్నాయి.

"ఇదేంది?" అంది శశి.

చిన్నవెంకటమ్మ మొహం వెలిగింది. "అమ్మ మహిమ. రెండు వారాల కింద నేను కట్టెలకు వస్తే, చూస్తును గదా, ఇన్నేండ్లకు అమ్మ మీద పచ్చి రెమ్మలు పడి ఉండాయి. ఎవురికో మొక్కు తీరింది అనుకున్నాను. పాల డెయిరీ కాడ చెప్పినాను. అంతే. క్యాసంబళ్ళి నుంచి ఆటోలు కట్టుకొని వచ్చినారు జనం."

"అవ్వా," అంది శశి మెల్లగా. "ఆ రెమ్మలు నేను వేసినాను. డబ్బీ కనపడకూడదని."

అందరి నుదుటి దీపాలూ శశి వైపు తిరిగాయి. సౌభాగ్య మాట కూడా ఆగింది.

చిన్నవెంకటమ్మ తేరుకుంది. "నువ్వేస్తే ఏమి? అమ్మ మీద సొప్పు వేస్తే అది మొక్కే."

"తాతా, నీకూ తెలుసునా ఇది?"

నేను తల ఊపాను. నేనూ పోయి ఒక కానుగ రెమ్మ వేసి వచ్చాను.

"మల్ల నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే కదా."

సౌభాగ్య ముందుకు వంగి కుప్ప మీద చెయ్యి వేసింది. "ఎంతసేపు, అందరం తలా ఇంత లాగేస్తే..."

చిన్నవెంకటమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "తియ్యకూడదమ్మా. ఎవురి మొక్కో ఏమో. నువ్వు తీస్తే వాళ్ళ మొక్కు పోతాది."

సౌభాగ్య చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మేకలను తోలుకొస్తే?" అన్నాడు శ్రీనివాసప్ప. "మేక తింటే దోషం లేదు."

"ఈ యేళకు మేకలు యాడ లేస్తాయప్పా. లేసినా నీలగిరి తినవు," అంది చిన్నవెంకటమ్మ.

పురుషోత్తమ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. మంచివాడే. మాట మెత్తగానే చెప్పాడు. "ఇంకోసారి చూద్దాములేమ్మా."

"ఇంకోసారి అంటే ఎప్పుడు సార్?"

"ఎండలు వస్తే నిప్పు భయం, ఫారెస్టోళ్ళు గుట్ట ఎక్కనీరు. వానాకాలం అయినంక చూద్దాం. అంతవరకు వేరే వైపు ఏదన్నా చూసుకుంటాము."

"సరే సార్," అంది శశి. టార్చి ఆపేసింది.

ఆ సరే నాకు తెలుసు. రోజూ తెల్లారకముందు వ్యాను తలుపు తీసి, జరిగి కూచోమని లోపలివాళ్ళు చెప్తే అనే సరే అదే. అందరూ వెనక్కి తిరిగారు.

"జరపొచ్చు," అన్నాను.

అందరూ నిలబడ్డారు. చిన్నవెంకటమ్మ నా మొహం మీద టార్చి వేసింది. "ఏమి జరిపేది?"

"అమ్మను."

చెప్పక తప్పలేదు కాబట్టి చెప్పాను. బండ్ల కాలంలో కుప్ప పెరిగి దోవకు అడ్డం వస్తే, బండివాళ్ళమంతా కలిసి అమ్మను పక్కకు జరిపేవాళ్ళం. అది తీయడం కాదు. ఉన్న రెమ్మలన్నీ ఉన్నట్టు ఎత్తుకుపోయి కొత్త చోట వేయాలి. చివరకు రాయిని ఎత్తి అక్కడ నిలపాలి. అయ్యేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. అమ్మ నిద్రలో ఉన్నప్పుడు జరపాలి. మాట వినిపిస్తే లేస్తుంది, లేస్తే ఇంక కదలదు. ఎవరైనా మాట్లాడితే మోసిందంతా మళ్ళీ తెచ్చి మొదటి చోటే వేసి, మొదటి నుంచి మొదలుపెట్టాలి.

"ఒక్క మాట కూడానా?" అంది సౌభాగ్య.

"ఒక్కటి కూడా."

"నిజమే, మా మామ చెప్తాండె," అంది చిన్నవెంకటమ్మ. "అయితే అమ్మ నిద్రపోయే ముందర ఎవురన్నా అడగాల. బండోళ్ళే అడగాల."

"నేనుండాను కదా."

కుప్ప ముందుకు పోయి నిలబడ్డాను. అప్పుడు మా ముందర బండి తోలే చిన్నప్ప అడిగేవాడు. "అమ్మా, బరువుతో వచ్చినాము, దోవ ఇయ్యి," అనేవాడు. నేను వెనక నిలబడి వినేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట నేను ఎట్లా అనేది? బరువు లేదు. అబద్ధం చెప్పి ఆమెను జరగమంటే జరుగుతుందా? గొంతు సవరించుకున్నాను.

"అమ్మా. బండి లేదు. ఎద్దులు లేవు. కట్టె లేదు. పిల్ల ఉండాది. పిల్లకు దోవ ఇయ్యి."

గట్టిగానే అన్నాననుకుంటాను. గుట్ట మీద తిరిగి వినిపించింది.

మొదలుపెట్టాము. చేతుల నిండా రెమ్మలు ఎత్తుకుని, దోవకు అవతల ఒక చదును బండ దగ్గరికి మోశాము. సగం కూడా కాలేదు.

"నా చేతి మీద ఏదో పాకతాండాది, తేలా?" అంది సౌభాగ్య.

"తేలు కాదు, జెర్రి," అన్నాడు శ్రీనివాసప్ప.

చిన్నవెంకటమ్మ ఇద్దరినీ చూసింది. ఏమీ అనకుండా, మోసిన రెమ్మలు ఎత్తుకుని మొదటి చోటికి నడిచింది. అందరూ వెనకే నడిచారు. మోసిందంతా మళ్ళీ పడింది.

"నేను ఊరికే చెప్పినాను, జెర్రి అని," అన్నాడు శ్రీనివాసప్ప. "ఇంగ తొందరగా కానీండి. గేటు ఉండాది."

సౌభాగ్య తన చున్నీ తీసి నోటికి అడ్డంగా కట్టుకుని వెనక ముడి వేసుకుంది. ముడి గట్టిగా ఉందో లేదో చూడమని శశికి సైగ చేసింది. శశి నవ్వింది. అప్పటిదాకా ఆ పిల్ల మొహం అట్లే బిగిసి ఉంది.

మళ్ళీ మొదలుపెట్టాము. ఈసారి బాగా సాగింది. బూట్ల చప్పుడు, రెమ్మల చప్పుడు, అంతే. దూరంగా గుడ్లగూబ. అందరూ నా మాదిరి అయ్యారు. నాకు బాగుంది. మధ్యలో శ్రీనివాసప్ప జేబులో ఫోను నాదస్వరం మోగింది. ఆయన చేతుల్లో రెమ్మలు, నోరు తెరవకూడదు. ఆఫీసువాళ్ళు అయి ఉంటారు. నాదస్వరం అయ్యేదాకా ఆయన కదలకుండా, మొహం ఒక మాదిరి పెట్టుకుని నిలబడ్డాడు. అందరూ చిన్నవెంకటమ్మను చూశారు, ఇది మాట కిందికి వస్తుందా అని. ఆమె కొంచెంసేపు ఆలోచించి, రాదని చెయ్యి ఊపింది.

కుప్ప తగ్గింది. అడుగు రెమ్మలు ఎత్తుతుంటే ఒక కొమ్మకు ఏదో తగులుకుని లేచి, రాయి పక్కన పడింది. లోపల గంట ఒకసారి గణమంది. కెంపోడి గంట. ఎన్ని యేండ్లయిందో ఆ గుట్ట మీద అది మోగి.

డబ్బీ అందరి కండ్ల ముందర ఉంది. ముట్టుకోవడానికి లేదు, దొరికిందని అనడానికి లేదు. రాయి ఇంకా జరపలేదు. సౌభాగ్య రెండు చేతులతో చున్నీ మీద నోరు మూసుకుంది. పురుషోత్తమ్ డబ్బీని చూస్తూ ఒంటికాలి మీద నిలబడ్డాడు.

నేను వంగి రాయి పట్టుకున్నాను. నడుము లేవలేదు. శశి వచ్చి పక్కకు వంగింది. నేను చెయ్యి తీసేశాను. పిల్ల ఒక్కతే ఎత్తి, రొమ్ముకు ఆనించుకుని, దోవ దాటి బండ మీద నిలిపింది. మోసిన రెమ్మలను అందరూ చుట్టూ, పైన సర్దారు. చివరి రెమ్మ నేను వేశాను.

"అయింది," అన్నాను.

సౌభాగ్య చున్నీ ఊడదీసింది. అంతసేపు ఆగిన మాటలన్నీ ఒకేసారి వచ్చాయి. పురుషోత్తమ్ డబ్బీ తెరిచి గంట ఆమెకే ఇచ్చాడు. ఆమె మోగిస్తూ మాట్లాడింది, మాట్లాడుతూ మోగించింది. కాగితం మీద అందరూ పేర్లు రాశారు. చిన్నవెంకటమ్మ వేలిముద్ర వేస్తానంటే సిరా లేక ఆమె నుదుటి కుంకుమతోనే వేయించారు. డబ్బీని ఆ పాత చోటే, రాయి తీసిన గుంటలో పెట్టి చిన్న బండ మూశారు.

"శశికళా," అన్నాడు పురుషోత్తమ్ దిగేటప్పుడు. "వచ్చే నెల ఆవని గుట్ట. దోవలు చూడాల. ఎల్లుండి నుంచే పనికి రాగలవా?"

"వస్తాను సార్," అంది శశి.

"ఆడ కూడా ఇట్ల అమ్మను జరిపేది ఉంటాదా?"

"ఉండదు సార్. నేను ఫస్టు అవ్వను అడిగినంకనే డబ్బీ పెడతాను."

"అద్దీ," అంది చిన్నవెంకటమ్మ.

తొమ్మిది దాటింది. శ్రీనివాసప్ప మాత్రం అందరి మొహాలూ చూసి, ఒక్కొక్కరినీ గేటు దాటించి తాళం వేశాడు.

పొద్దున్నే, ఇంకా చీకటి ఉండగానే, రోజు మాదిరే నాకు మెలకువ అయింది. శశి దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. లేపలేదు. టార్చి తీసుకుని రోడ్డు దాకా నేనొక్కణ్ణే పోయాను. వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు నా వెనక ఎవరైనా ఉన్నారా అని వంగి చూశాడు.

"యాడ తాతా, పిల్ల?"

"ఇంగ రాదు," అన్నాను.

వ్యాను పోయింది. రోడ్డు పక్కన కానుగ చెట్టు నుంచి ఒక రెమ్మ తుంచుకుని ఇంటికి వచ్చి, గుట్ట గేటు తెరిచే దాకా దాన్ని నీళ్ళ చెంబులో పెట్టాను.